పైగది తాళంచెవి

"ఆ తాళంచెవి ఇలా ఇచ్చెయ్యవే" అంది జాబరు అక్కగారు, భుజానున్న సంచీ ఇంకా దించకుండానే.

జాబరు భార్య ఇవ్వలేదు. గుప్పిట బిగించి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి వీధి కేసి చూస్తూ కూర్చుంది. ఆ గుప్పిట్లో ఉన్నది మేడ మీది ఒంటిగది తాళంచెవి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసిన మర్నాడే ఆవిడ ఆ గది ఊడ్చి, కడిగి, ఒక దిండూ దుప్పటీ చంకన పెట్టుకుని పైకి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా కబురు ఊరవతలున్న ఆడపడుచు దాకా పాకింది. ఈ ఇంట్లో గోడలకి చెవులే కాదు, కాళ్ళు కూడా ఉన్నాయి.

ఆ కాళ్ళు ఎవరివో అందరికీ తెలుసు. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి గిన్నె తుడుస్తోంది. తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడుస్తోంది.

"నేనేం చాడీలు చెప్పలేదండీ పెద్దమ్మగారూ. అత్తయ్య పైన ఉంటున్నారు, నాకు భయంగా ఉంది అన్నాను. అంతే."

"ఇంకేం కావాలే అంతకంటే?" అక్కగారు కుర్చీలో కూలబడింది. "జుట్టు నెరిశాక, మోకాళ్ళు అరిగాక, మొగుణ్ణి కింద వదిలేసి మేడెక్కుతుందా ఎవత్తైనా? కుర్రకారు అలిగారంటే అర్థం ఉంది. పళ్ళూడే వయసులో మీకీ అలకలేంటే?"

"అలక కాదు వదినా."

"మరేంటి?"

ఆవిడ మళ్ళీ వీధి కేసి తిరిగింది.

జాబరు మంచం అంచున కూర్చుని తన అరచేతులు తాను చూసుకుంటున్నాడు. బట్టల మిల్లులో చేసిన ఉద్యోగమే ఆయనకి పేరై కూర్చుంది. మగ్గానికి జబ్బు చేస్తే వైద్యం చేసేవాడు జాబరు. వందల మగ్గాలు ఒక్కసారి మోగే షెడ్డులో ఏ మూల ఏ మగ్గం గతి తప్పిందో ఆయన చెవితోనే పట్టేసేవాడు. ఆ షెడ్డులోనే భార్యకి నేతపని. ఇద్దరూ అక్కడే కలిశారు, అక్కడే ముసలివాళ్ళయ్యారు, ఒకే ఏడు ఇంటికి వచ్చేశారు. మిల్లులో అంతకాలం కలిసి ఉన్న మనిషి ఇంటికొచ్చాక విడిపోతుందని ఆయన కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ నన్ను వదిలేస్తోందా? వారం రోజులుగా ఆయన లోపల ఈ ఒక్క ప్రశ్నే తిరుగుతోంది. అడగడానికి ధైర్యం చాలలేదు.

"నువ్వేమన్నావురా దాన్ని?" అక్కగారి తుపాకి ఇటు తిరిగింది.

"నేనేమీ అనలేదు."

"అదే తప్పు. ఏదో ఒకటి అనాలి. ఏమీ అనని మొగుడితో ఎవత్తి వేగుతుంది?"

కొడుకు సోఫాలో ఇబ్బందిగా కదిలాడు. అతను కారు నడపడం నేర్పే స్కూల్లో పంతులు. రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళు తొక్కాల్సిన బ్రేకు తను తొక్కుతూ ఉంటాడు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. ఎవరైనా గొంతు పెంచితే చాలు, అతని కుడికాలు దానంతట అదే నేలని నొక్కేస్తుంది. ఇప్పుడు నొక్కుతూనే ఉంది, బండి మాత్రం ఆగడం లేదు.

"అమ్మా, ఇక్కడ నీకేం తక్కువైందో చెప్పు. మెత్తటి పరుపు కొన్నాం. పెద్ద టీవీ పెట్టాం. ఇంకేం కావాలన్నా తెస్తాను."

"తక్కువేం లేదు నాయనా. ఎక్కువే ఉంది."

"ఎక్కువంటే?"

"ఆ పరుపులో పడితే లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి. టీవీ వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. నీ ఫోను, అమ్మాయి మిక్సీ, వీధిలో హారన్లు. ఇవన్నీ సర్దుకున్నాను." ఆవిడ తల అడ్డంగా ఊపింది. "ఆ ఫ్యానుతో మాత్రం సర్దుకోలేకపోయాను."

అందరూ ఫ్యాను కేసి చూశారు.

జాబరు తలవైపు బల్ల మీదుండే పాత ఫ్యాను అది. తిరిగితే టకటక, టకటక, మధ్యలో ఒక కీచు, మళ్ళీ టకటక. దాని గోల వీధి చివర బడ్డీకొట్టువాడికి కూడా తెలుసు. వానాకాలంలో కూడా అది తిరగాల్సిందే. గాలి తనకి తగలకుండా దాని మొహం గోడకి తిప్పి మరీ పెట్టుకుంటాడు.

"మిల్లులో మగ్గం కాస్త దగ్గితే ఆ చివర్నుంచి పరిగెత్తుకొచ్చేవారు" అంది ఆవిడ, కిటికీతో చెబుతున్నట్టు. "ఊళ్ళోవాళ్ళ మిషన్లు, పంపులు, సైకిళ్ళు అన్నీ బాగుచేస్తారు. నా తల పక్కనున్నదాన్ని మాత్రం బాగుచెయ్యరు."

"పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా" అంది అక్కగారు. "ఫ్యాను కోసం కాపురం చెడగొట్టుకుంటారటే? ఆ ముక్క వాడితో చెప్పొచ్చుగా?"

"చెప్పాను."

జాబరు తలెత్తాడు.

"చాలాసార్లు చెప్పాను. పక్కన పడుకుని మెల్లిగా చెప్పాను. అది ఆపండి, నాకు నిద్ర లేదు అన్నాను. ఊఁ అన్నారు. పైగది ఖాళీ అవుతోంది, నేను అక్కడ పడుకుంటాను అన్నాను. దానికీ ఊఁ అన్నారు. మీకు బాధగా ఉంటుందా అని కూడా అడిగాను వదినా." ఆవిడ గుప్పిట మీద ఇంకో చెయ్యి వేసుకుంది. "దానికీ ఊఁ అన్నారు, అటు తిరిగి పడుకున్నారు."

"నువ్వెప్పుడు చెప్పావు?" అన్నాడు జాబరు. "నాకు ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోయావు నువ్వు!"

ఆ మాట కాస్త గట్టిగానే వచ్చింది. గిన్నె తుడిచే చెయ్యి ఆగింది. కొడుకు కాలు నేలలోకి దిగబడింది.

ఆవిడ భర్తని చాలాసేపు చూసింది. అందులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. కోపం లేదు. అలసట ఉంది. ఆవిడ లేచి, మోకాలు పట్టుకుని, మేడమెట్లు ఎక్కి వెళ్ళిపోయింది.

*

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీ కాపురం" అంది అక్కగారు.

ఆవిడ మామూలుగానే అంది. జాబరుకి మాత్రం ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

భార్య అబద్ధం చెప్పదు. మిల్లులో తన చేతిలో బట్ట చెడితే పక్కవాళ్ళ మీదికి నెట్టని మనిషి. మరి ఆ మాటలన్నీ ఏమయ్యాయి? ఇంకొక కారణం ఉండొచ్చు. అది ఆయనకి తెలుసు. చాలాకాలంగా తెలుసు. దాని దగ్గరికి వెళ్ళడం ఇష్టంలేక చుట్టూ తిరుగుతున్నాడు.

ఆవిడ పడుకునేది ఆయనకి ఎడమపక్క.

"నేను వెళ్ళి లాక్కొస్తాను" అక్కగారు లేచింది. "నా మాట కాదంటే అప్పుడు చూద్దాం. అమ్మాయ్, టీ పెట్టు. ఇద్దరం దిగొచ్చి తాగుతాం."

ఆవిడ మెట్లెక్కడం అందరికీ వినిపించింది. తలుపు చప్పుడైంది. తర్వాత ఏమీ వినిపించలేదు.

టీ కాగింది. కప్పుల్లోకి వచ్చింది. చల్లారింది.

"అరుపులు కూడా లేవేంటి?" అన్నాడు కొడుకు.

"అరుచుకుంటే మేలు" అంది కోడలు. ఆ పిల్ల మందుల దుకాణంలో పనిచేస్తుంది. నెప్పి చెప్పుకునేవాళ్ళకంటే చెప్పనివాళ్ళే ప్రమాదమని రోజూ చూస్తుంటుంది. "మామయ్యా, తప్పు నాదే. నేను ఫోన్ చెయ్యకుండా ఉండాల్సింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను."

జాబరు వినలేదు. ఆయన పైకప్పు కేసి చూస్తున్నాడు. మెడ మీద చెమట పట్టింది.

చప్పుడు ఆగిపోతే ఆయనకి ఎప్పుడూ ఇంతే. షెడ్డులో మగ్గాలు వాటంతట అవి ఆగవు. అన్నీ ఒక్కసారి ఆగాయంటే కరెంటు పోయిందన్నా ఉండాలి, లేదా ఎవరి చెయ్యో మగ్గంలో పడిందని ఎవరో మీట కట్టేసి ఉండాలి. అలా ఆగినప్పుడల్లా షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి, అరచెయ్యి విప్పి తల మీదికి ఎత్తాలి. నేను బాగానే ఉన్నాను అని దానర్థం. ఎత్తని చెయ్యి ఎక్కడుందో అక్కడికి జాబరు పరిగెత్తాలి. ఆయన వరుసలన్నీ చూడాల్సినవాడే. కానీ ముందు ఒక్క చెయ్యి వెతుక్కునేవాడు. అది కనిపించాకే మిగతావి చూసేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆవిడకి కూడా.

"నేను పైకి వెళ్తాను" అన్నాడు లేస్తూ.

"నేనూ రానా నాన్నా?"

"వద్దు. నువ్వొస్తే దారంతా బ్రేకులేస్తావు."

*

తలుపు ఓరగా ఉంది. జాబరు మెల్లిగా తోశాడు.

ముందు కనిపించింది అక్కగారి పాదాలు. మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. ఆయన అక్కా అని పిలవబోయాడు.

భార్య మంచం పక్కన కుర్చీలోంచి చటుక్కున వేలు పెదాల మీద పెట్టింది.

అక్కగారు నిద్రపోతోంది. నోరు కాస్త తెరుచుకుని, కళ్ళజోడు గుండెల మీద పెట్టుకుని, పసిపిల్ల పడుకున్నట్టు పడుకుంది. లాక్కొస్తానని వెళ్ళిన మనిషి! జాబరుకి వచ్చిన నవ్వు గొంతులోనే ఆగింది, ఎందుకంటే దాని వెనకే ఏడుపు కూడా ఉంది.

ఆయన గడప మీద కూర్చున్నాడు. అప్పుడు గది చూశాడు. పెద్దగా ఏమీ లేదు. గట్టి మంచం ఒకటి. మోకాళ్ళకి సరిపోయే ఎత్తులో చేతులున్న కుర్చీ ఒకటి. చెయ్యి చాపితే అందేలా మంచినీళ్ళ చెంబు. కిటికీ దగ్గర దీపం, దాని కింద కళ్ళజోడు పెట్టె. ఇరవయ్యేళ్ళప్పుడు ఇలాంటి గదిలో పడుకోమంటే ఇద్దరూ పారిపోయేవాళ్ళు. ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అంటారు. ఆ మాట కుర్రాళ్ళకే. వయసు మీరిన నిద్రకి అన్నీ తెలుసు. దిండు ఎత్తు తెలుసు, దుప్పటి బరువు తెలుసు, ఎక్కడో తలుపు కొట్టుకోవడం కూడా తెలుసు.

భార్య చెయ్యి కదిపింది.

ఆయన గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. షెడ్డు భాష అది. మగ్గాల హోరులో నోళ్ళు పనికిరావు. అక్కడందరూ చేతులతోనే మాట్లాడుకునేవాళ్ళు. వీళ్ళిద్దరికీ పెళ్ళి మాటలు ఎవరూ జరపలేదు, పెళ్ళి చేతులే జరిగాయి అని మిల్లంతా నవ్వుకునేవారు. ఇంటికొచ్చాక ఆ భాష అవసరం లేకపోయింది. నోళ్ళున్నాయి కదా అనుకున్నారు.

ఎందుకొచ్చారు? అని అడిగింది ఆవిడ చెయ్యి.

ఆయన అక్కగారి కేసి చూశాడు. ఇప్పుడు నోరు విప్పితే ఆవిడ లేస్తుంది. లేస్తే ఇంకేమీ చెప్పనివ్వదు. ఇంతకంటే మంచి అదను దొరకదు. ఆయన చేతులు పైకి లేచాయి.

ఎడమచెవి చూపించాడు. పిడికిలి మూశాడు. మగ్గం పూర్తిగా చచ్చిపోయిందని చెప్పడానికి వాడే గుర్తు అది.

ఆవిడ కుర్చీలో ముందుకి వంగింది.

చాలాకాలమైంది, అన్నాయి ఆయన చేతులు. నువ్వు మెల్లిగా చెప్పింది నాకు వినిపించలేదు. ఒక్కటీ వినిపించలేదు. నీ ఊపిరి చెంపకి తగిలితే ఏదో అంటున్నావని ఊఁ అనేవాణ్ణి.

ఎందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్నకి చేతుల దగ్గర గుర్తు లేదు. ఆయన కాసేపు వెతుక్కున్నాడు. చివరికి తనని తాను చూపించుకుని, మగ్గాన్ని వినేవాడు అన్నాడు. ఆ ఒక్క ముక్కా అని చేతులు ఒళ్ళో పడేసుకున్నాడు. చెవితో బతికిన మనిషి చెవి పోయిందని ఎవరితో చెబుతాడు? సిగ్గేసింది. అంతే. దానికి పెద్ద కారణాలు లేవు.

ఆవిడ కళ్ళు నిండాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. మరి ఆ ఫ్యాను? అని వేలు గాల్లో గిర్రున తిప్పింది. అది వినిపిస్తుందా మీకు?

అది వినిపిస్తుంది, అన్నాడాయన. దిండుమీంచి, ఎముకలోంచి వినిపిస్తుంది. అందుకే బాగుచెయ్యలేదు. కావాలనే. ఆ కీచు రావాలని ఒక మర వదులు చేశాను కూడా.

ఆవిడ నోరు తెరిచింది. అక్కగారు కదిలింది. ఆవిడ నోరు మూసుకుంది. కాపురంలో అంత తిట్టు అంత నిశ్శబ్దంగా మింగడం ఆవిడకి అదే మొదటిసారి.

చప్పుడు ఆగితే నాకు భయం, అన్నాయి చేతులు. మగ్గాలు ఆగినట్టుంటుంది. ఎవరికో దెబ్బ తగిలినట్టుంటుంది. చీకట్లో చేతులు కనిపించవు. నీ చెయ్యి కనిపించదు.

ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఆయన తల వంచుకున్నాడు. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద చారగా పడింది. వీధిలో ఎవరో నీళ్ళు చల్లుతున్నారు. మెడ మీద చెమట ఎప్పుడు ఆరిపోయిందో ఆయనకి తెలియదు. గది నిశ్శబ్దంగా ఉంది, తను అందులో కూర్చుని ఉన్నాడు, ఊపిరి సరిగ్గానే ఆడుతోంది.

తలెత్తి ఒక్క ప్రశ్న అడిగాడు. వారం రోజులుగా అడగలేనిది. వెళ్ళిపోతున్నావా?

ఆవిడ తల అడ్డంగా ఊపలేదు, నిలువుగా ఊపలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, అరచెయ్యి విప్పి, మెల్లిగా తల మీదికి ఎత్తింది.

జాబరు ఆ చేతిని చూస్తూ కూర్చున్నాడు. వరుసలో మొదటి చెయ్యి. మిగతా షెడ్డంతా తర్వాత చూసుకోవచ్చు. వారం రోజుల బరువు ఒక్కసారి భుజాల మీంచి దిగిపోయింది. ఆయన ఏడ్చాడు కూడా, దాచుకోకుండా.

"నా చెయ్యి ముందు వెతికేవారని నాకు తెలుసులెండి" అంది ఆవిడ గుసగుసగా, ఆయన కుడిపక్కకి వచ్చి కూర్చుని. "షెడ్డంతటికీ తెలుసు. మీకే తెలియదు మాకు తెలుసని."

ఆవిడ గుప్పిట విప్పింది. తాళంచెవి చెమటకి తడిసి, అరచేతిలో అచ్చు పడింది.

"దీనికి జోడీ చేయించుకురండి. రేపు చెవి డాక్టరు దగ్గరికి. ఈ రోజు ఆ ఫ్యాను మర బిగించాలి."

"మర బిగిస్తే నాకు నిద్ర?"

"అది తర్వాత చూద్దాం" అంది.

*

కింద కొడుకూ కోడలూ మెట్ల దగ్గరే నిలబడి ఉన్నారు. జాబరు దిగివస్తుంటే కొడుకు ఎడమపక్క నుంచి ఏదో అడిగాడు.

మామూలుగా అయితే ఊఁ అనేవాడు.

"అటు కాదురా" అన్నాడు జాబరు, ఆగి, తల తిప్పి. "ఇటు వచ్చి చెప్పు. ఆ చెవి మిల్లుకిచ్చేసి వచ్చాను."

కొడుకు మొహంలో రంగు మారింది. కోడలు గభాలున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. మందుల దుకాణంలో నెప్పి చెప్పనివాళ్ళని ఎంతమందిని చూసింది, ఇంట్లో ఉన్నవాణ్ణి పట్టలేకపోయింది. ఆ పిల్లకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇన్నాళ్ళూ నేను పిలిస్తే పలక్కపోతే, నా మీద కోపమనుకున్నాను మామయ్యా."

"నీ మీద కోపం ఎందుకమ్మా. నీ మిక్సీ కూడా నాకు సగమే వినిపిస్తుంది. అదృష్టవంతుణ్ణి."

కొడుకు కుడిపక్కకి వచ్చాడు. అతని కాలు మొదటిసారి నేల మీద తేలిగ్గా ఉంది. "అమ్మ ఏమంది నాన్నా? దిగొస్తుందా?"

జాబరు తాళంచెవి చూపించాడు. "రెండోది చేయించమంది."

"ఎవరికి?"

నాకే కదా, అనబోయాడు. ఆవిడ అలా అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. అడగాలని తనకి తోచనే లేదు.

మేడ మీంచి, నిద్ర ఇంకా వదలని గొంతు ఒకటి వినిపించింది. కుడిచెవికి ఖంగున వినిపించింది.

"ఒరే తమ్ముడూ! నా సంచీ పైకి పంపించు. ఇవాళ నేనింటికి వెళ్ళను. రేపు కూడా చెప్పలేను. ఇంకోమాట, ఈ మంచం మీదికి ఇంకెవర్నీ రానివ్వొద్దని నీ పెళ్ళాంతో చెప్పాను!"